కలీముల్లా నక్షత్రం డ్యూటీ

సికింద్రాబాదులోని కార్ఖానా బస్తీలో నన్నే సాహెబ్ హోటల్‌కి కలీముల్లా ఏ వేళకి చాయ్ తాగడానికి వస్తాడో చెప్పగలిగిన మొనగాడు ఆ గల్లీలో ఇంతవరకూ పుట్టలేదు. జూన్‌లో సాయంత్రం ఆరింటికి కనిపించే మనిషి జూలైలో నాలుగింటికి, ఆగస్టులో రెండింటికి కనిపిస్తాడు. అలా జారుతూ జారుతూ డిసెంబరు వచ్చేసరికి హోటల్ పొయ్యి రాజేసే వేళకి తయారవుతాడు. "కలీం భాయ్, నీ గడియారం ఎవరికన్న మంచోనికి చూపియ్యరాదె" అంటాడు నన్నే సాహెబ్. కలీముల్లా నవ్వి ఊరుకుంటాడు. గడియారం తప్పేమీ లేదు, ఉద్యోగమే అలాంటిది.

బొల్లారంలో రైలుపట్టాలకి కాస్త ఎడంగా ఒక విజ్ఞాన సంస్థ వారి స్థలం ఉంది. అందులో వరుసకి ఎనిమిది చొప్పున నాలుగు వరుసల్లో అల్యూమినియం చట్రాలు పాతి ఉంటాయి. బయట రోడ్డు మీద పోయేవాళ్ళు ఇన్నేసి బట్టలారేసే స్టాండ్లు ఎవరివా అనుకుంటారు. అవి యాంటెన్నాలు. ఎక్కడో ఉన్న ఒక నక్షత్రం చుట్టూ తిరిగే గ్రహం నుంచి రేడియో ధ్వని వస్తుందేమోనని అవి చెవులు రిక్కించుకుని ఉంటాయి. మన గురుగ్రహాన్ని సూర్యుడి మీంచి వీచే గాలి తాకినప్పుడు అది రేడియోలో గరగరమంటుంది. దానికి అయస్కాంతమనే గొడుగు ఉంది కాబట్టి ఆ గరగర. మరి వేరే నక్షత్రాల గ్రహాలకీ ఆ గొడుగు ఉందా? ఉంటే అవీ గరగరమనాలి. అలాంటి గ్రహాలు వేలకొద్దీ తెలిశాయి గాని, ఇది ఫలానా గ్రహం గొంతేనని ఒట్టేసి చెప్పగలిగినవాళ్ళు ఇంకా ఎవరూ లేరు. పెద్దపెద్ద దేశాల పెద్దపెద్ద యంత్రాలకే దొరకనిది, అటు మిలిటరీ వైర్‌లెస్సులకీ ఇటు రైళ్ళకీ నడుమ, బొల్లారంలో దొరుకుతుందా అని అడక్కండి. బరాత్ బాజాలో చీమ నడక వినే ప్రయత్నమే అది. అయినా మొదలుపెట్టారు.

ఇందులో కలీముల్లా పని అటెండరు పని. ఏ నక్షత్రమైనా రోజూ నాలుగు నిమిషాలు ముందుగా నడినెత్తికి వస్తుంది. రేడియోకి పగలూ రాత్రీ పట్టింపు లేదు. అదెప్పుడొస్తే కలీముల్లా అప్పుడు అక్కడ ఉండాలి. నెలకి రెండు గంటలు, ఏడాదికి గడియారం మొత్తం ఒక చుట్టు. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, సికింద్రాబాదు మొత్తం సూర్యుడి వెంట నడుస్తుంటే కలీముల్లా ఒక్కడూ పదకొండేళ్ళుగా పేరైనా సరిగ్గా పలకడం రాని ఒక చుక్క వెంట నడుస్తున్నాడు.

ఒక్కడూ అన్నాను గాని అది పూర్తి నిజం కాదు. ఎనిమిదేళ్ళ పాటు ఇద్దరు నడిచారు. ప్రతి నెలా ఆఫీసు వాళ్ళు ఇచ్చే డ్యూటీ టైముల కాగితాన్ని అతని భార్య షాహీదా వంటగది తలుపుకి అంటించుకునేది. దాన్ని చూసి బియ్యం కడిగేది, దాన్ని చూసి పడుకునేది. మధ్యాహ్నం మూడింటికి పొద్దుటి నాష్తా, తెల్లారి ఐదింటికి రాత్రి భోజనం. "నీ చుక్క జెర నిలకడ లేనిదయ్యా" అని తిట్టేది, అలా తిట్టుకుంటూనే రొట్టెలు వేడిచేసేది. పిల్లలు లేరు. మూడేళ్ళ కింద ఊపిరితిత్తుల జబ్బుతో షాహీదా పోయింది. ఆమె అంటించిన చివరి నెల కాగితం తలుపు మీద పసుపుపచ్చగా మారిపోయి ఇంకా ఉంది. ఆ తరవాత కలీముల్లాకి ఆకలి ఏ వేళకి వేస్తుందో తెలిసినవాళ్ళు ఎవరూ లేరు. రంజాన్‌లో ఇఫ్తార్ కూడా చాలాసార్లు రిసీవర్ గదిలో, నాలుగు ఖర్జూరాలతో, మిషన్లకి ఎదురుగా కూచుని చేసుకున్నాడు.

ఇక పని సంగతి. నక్షత్రం వచ్చే గంట ముందే చేరుకుని, వచ్చినవాళ్ళందరి మొబైళ్ళూ ఆపించి ఇనుప పెట్టెలో పెట్టి తాళం వెయ్యాలి. ట్యూబులైట్లు, బోరు మోటారు, ఫ్రిజ్జు, అన్నీ బంద్. కరెంటుతో నడిచేది ఏదైనా ఎంతో కొంత రేడియో రొద చేస్తుంది, ఆ రొదలో గ్రహం సన్నని గొంతు వినబడదు. ఆ నాలుగైదు గంటలూ ఆవరణలో చప్పుడు లేకుండా కాపలా కాయడమే అతని కొలువు. డైరెక్టరు సత్యదేవ్ సార్ వచ్చినా సరే, "సార్, ఫోను" అని చెయ్యి చాచేవాడు. సారు నవ్వుకుంటూ ఇచ్చేవాడు. ఆ చెయ్యి చాచడంలో కలీముల్లాకి చిన్న గర్వం ఉండేది. ఎందుకుండకూడదు?

ఊర్మిళ వచ్చి నాలుగో ఏడు నడుస్తోంది. మారేడ్‌పల్లి అమ్మాయి, ఈ గ్రహం మీదే పీహెచ్‌డీ. ఆ గ్రహం తన నక్షత్రాన్ని ఐదున్నర రోజులకొకసారి చుట్టి వస్తుంది. లెక్కలన్నీ కట్టి, అది గరగరమనే అవకాశం ఎక్కువున్న చోటికి వచ్చేదీ, అప్పుడే మన నెత్తిన ఉండేదీ పదకొండు రోజులకొకసారి అని ఊర్మిళ తేల్చింది. ఆ రోజులకి డ్యూటీ కాగితంలో ఎర్ర సిరాతో చుట్లు చుట్టేది. "చాచా, ఎర్ర రోజు జెర పైలం" అనేది. ఆమె కూచునేది అవతలి బిల్డింగులో. రిసీవర్ గదిలో ఉండేది కలీముల్లా ఒక్కడే.

మూడేళ్ళలో ఎన్ని ఎర్ర రోజులు వచ్చాయో అన్ని పోయాయి. తెర మీద గీత తిన్నగా పోతూనే ఉంది. ఈ మే నెలలో ఒకనాడు ఊర్మిళ గేటు దగ్గర స్కూటీ మీద కూచుని, తాళం తిప్పకుండా ఉండిపోయింది.

"ఏమైంది బేటా, గట్ల కూసున్నవ్?"

"ఈ సీజన్ల సుత ఏం దొరకకుంటే ప్రాజెక్టు బంద్ చేస్తరట చాచా. నా నాలుగేండ్లు నీళ్ళపాలే."

ఆ పిల్ల కలీముల్లాని వారానికి నాలుగుసార్లు పలకరిస్తుంది. లెక్కవేస్తే అతన్ని పేరుకో వరసకో పిలిచేవాళ్ళు నన్నే సాహెబ్ తరవాత ఆమే. ఇంటికొచ్చి పడుకున్నాక షాహీదా గుర్తొచ్చింది. ఇంట్లో ఏ పని అడ్డం తిరిగినా, ఎవరికి జ్వరమొచ్చినా, గురువారం సాయంత్రం లోబాన్ పొగ వేసేది. సాంబ్రాణి అన్నా అదే. మూలమూలకీ ఆ పొగ తిప్పి, "అల్లా ఖైర్ కరే", అల్లా మేలు చెయ్యాలి, అనేది. చివరి రోజుల్లో ఆమెకి బొగ్గులు రాజేసే ఓపిక లేక, చార్మినార్ దగ్గర బండి మీద కరెంటు ధూపదాని ఒకటి కొనుక్కొచ్చి ఇచ్చాడు. పచ్చ రంగుది, చిన్నది. నాలుగు గురువారాలు వాడింది. ఆ తరవాత అది అటక మీదికి పోయింది. ఒక్క మనిషున్న ఇంటికి పొగ ఎవరి కోసం వేస్తాం?

జూన్‌లో మొదటి ఎర్ర రోజున ఆ ధూపదాని కలీముల్లా సంచీలో బొల్లారం చేరింది. రొద చేసే వస్తువులేవో అతనికి బాగా తెలుసు. మాట్లాడేవి, తిరిగేవి, మినుకుమినుకుమనేవి. ఇది ఒట్టి వేడెక్కే కాయిల్, ఇస్త్రీపెట్టె చెల్లెలు. చాయ్ కాచుకునే కాయిల్‌కి సత్యదేవ్ సారే ఎప్పుడో ఒప్పుకున్నాడు కదా. రిసీవర్ పక్కన ప్లగ్గులో పెట్టి, చిటికెడు లోబాన్ వేసి, పొగ లేచాక దాన్ని అరచేత్తో మిషన్ల వైపు మెల్లిగా తోశాడు. కాసేపు ఆపి, మళ్ళీ వేశాడు. "ఈ పిల్లది జెర చూడు మాలిక్" అన్నాడు. పదకొండో రోజున మళ్ళీ. ఆ తరవాతి పదకొండో రోజున మళ్ళీ. ఆ రోజులకోసం ఎదురుచూడ్డం కూడా మొదలైంది. గదంతా షాహీదా వాసన.

జూలై మొదటి వారంలో ముసురు పట్టి, కలీముల్లాకి ఒళ్ళు తెలియని జ్వరం వచ్చింది. రెండు రోజులు లేవలేదు. అతని బదులు జంగయ్య అనే తోటమాలి డ్యూటీ చేశాడు. నాలుగో ఎర్ర రోజు ఆ రెండింట్లో ఒకటి. మూడోనాడు వెళితే రిజిస్టర్లో జంగయ్య వేలిముద్ర ఉంది, అంతే. నిన్న రాలేదేమని అడిగినవాళ్ళు లేరు. చచ్చి ఉంటే వాసనొచ్చేదాకా తెలిసేది కాదు గదా అనుకున్నాడు, అనుకుని నవ్వబోయాడు గాని నవ్వు రాలేదు. ఊర్మిళ ఎదురైంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. "ఏంది బేటా?" అంటే "ఏం లేదు చాచా" అని వెళ్ళిపోయింది.

ఆగస్టులో, ఏడో ఎర్ర రోజు దాటిన మర్నాడు, ఊర్మిళ పరుగెత్తుకుంటూ రిసీవర్ గదికి వచ్చింది. చేతిలో పొడుగాటి కాగితం.

"చాచా, దొరికింది! చూడుండ్రి!"

కాగితం మీద తిన్నని గీత. ఎర్ర గుర్తులున్న చోట్ల గీత లేచి, పడి, మళ్ళీ లేచింది. ఎవరికీ చెప్పకుండా రెండు నెలలుగా పరీక్షలు చేస్తున్నానంది. భూమ్మీది రొద అయితే మన గడియారం ప్రకారం ఒకే టైముకి రావాలి. ఇది నక్షత్రంతో పాటు రోజుకి నాలుగు నిమిషాల లెక్కన ముందుకి జరుగుతోంది. పైగా ఎర్ర రోజుల్లో తప్ప రాదు. భూమ్మీద నక్షత్రం టైముకి నడిచే వస్తువు ఏముంటుంది? ఇన్నాళ్ళూ దొరకనిది ఇప్పుడు దొరికిందంటే కొత్తగా వేసిన యాంప్లిఫయరు పుణ్యమే అయ్యుంటుందంది. సరిచూసుకోవడానికి ఉండాల్సిన రెండో రిసీవర్ ఏడాదిగా మరమ్మతులో ఉంది, అదొక్కటే లోటు.

"ఏడింట్ల ఆరుసార్లు చాచా! నాలుగోసారి ఒక్కటే ఎందుకో రాలే. ఆ దినం పొద్దుగూకేదాక చూసిన, చూసిన... ఏడుపొచ్చింది. ఆ రోజు నక్షత్రం గాలి తక్కువుండొచ్చని సార్ అన్నరు."

నాలుగోసారి. కలీముల్లా ఆ తేదీ చూశాడు. ఆ రోజు నక్షత్రం గాలికేమీ కాలేదు, కార్ఖానాలో ఒక మనిషికి జ్వరం వచ్చింది. భూమ్మీద నక్షత్రం టైముకి నడిచే వస్తువు ఒకటుంది, అది తనే. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఈ పిల్ల ఆకాశమంతా వెతుకుతోంది. నిశ్శబ్దానికి కాపలా పెట్టినవాడే, కంచే చేను మేసినట్టు...

నోరు తెరిచాడు. ఆమె ముఖం చూశాడు. నాలుగేళ్ళలో అంత వెలుగు ఆ ముఖంలో అతను చూడలేదు. "ముబారక్ బేటా" అన్నాడు.

తనదే తప్పని ఇంకా రుజువు కాలేదు గదా అని సర్దిచెప్పుకున్నాడు. ఎనిమిదో ఎర్ర రోజున ధూపదాని ఇంట్లోనే వదిలి వచ్చాడు. ఆ మధ్యాహ్నం రిసీవర్ గదిలో కూచుని, రానీ దేవుడా, ఆ గ్రహం నిజంగానే గరగరమననీ అని మనసారా కోరుకున్నాడు. సాయంత్రం ఊర్మిళ వచ్చి గడప మీద కూచుంది. గీత తిన్నగా ఉంది.

"నాదే ఏదో తప్పయ్యుంటది చాచా. అంతా నా భ్రమేమో. అమ్మకు సుత చెప్పిన దొరికిందని."

అప్పుడు చెప్పేసి ఉంటే బాగుండేది. చెప్పలేదు. పదకొండు రోజుల తరవాత ధూపదాని మళ్ళీ సంచీలో వచ్చింది. ఈసారి అల్లాని ఏమీ అడగలేదు, అడిగే మొహం లేదు. ప్లగ్గు పెట్టాడు, తీశాడు, పెట్టాడు. సాయంత్రం ఊర్మిళ నవ్వు ఆవరణ అంతా వినబడింది. తేలు కుట్టిన దొంగలా కలీముల్లా మొబైళ్ళ పెట్టె తాళం తీస్తూ ఉండిపోయాడు.

మర్నాడు ఆమె పుల్లారెడ్డి పేడా డబ్బా పట్టుకొచ్చింది. సత్యదేవ్ సార్ వచ్చే నెల ఒక సభలో ఈ సంగతి ప్రకటిస్తాడట. అందులో మొదటి పేరు ఊర్మిళదట. ఒక పేడా తీసి అతని చేతిలో పెట్టి అంది:

"మీరు లేకుంటే ఇది అయ్యేదే కాదు చాచా."

పేడా నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది. అబద్ధమైతే మింగేసేవాడేమో. అది పచ్చి నిజం.

"కూసో బేటా" అన్నాడు. సంచీలోంచి పచ్చ ధూపదాని తీసి రిసీవర్ పక్కన పెట్టాడు. "నీ గ్రహం ఇదే."

మొదట ఆమెకి అర్థం కాలేదు. అతను మొదటి రోజు నుంచీ చెప్పాడు. షాహీదా పొగ, జూన్ నుంచి ఎర్ర రోజులు, జ్వరం, ఎనిమిదోది, తొమ్మిదోది. ఊర్మిళ ధూపదాని ప్లగ్గుని చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. కాయిల్ వేడిని అదుపు చెయ్యడానికి ప్లగ్గు లోపల చవకరకం చిన్న సర్క్యూట్ ఉంది. రొద దానిది. తీగలోంచి నేరుగా రిసీవర్‌లోకి ఎక్కింది.

"తొమ్మిదోసారి... తెలిసే పెట్టిన్రా?"

"అవును."

"ఎందుకు చాచా?"

"ఎనిమిదోనాడు నీ మొఖం చూడలేకపోయిన."

ఆమె లేచి వెళ్ళిపోయింది. పేడా డబ్బా అక్కడే ఉండిపోయింది. ఆ రోజు కలీముల్లా డ్యూటీ పూర్తిగా చేశాడు, ఒక్క నిమిషం తక్కువ కాకుండా. తరవాతి ఎర్ర రోజున సత్యదేవ్ సార్ స్వయంగా వచ్చి గదిలో కూచున్నాడు. ధూపదాని లేదు, గీత తిన్నగా పోయింది. మర్నాడు, అది ఎర్ర రోజు కాదు, ధూపదాని పెట్టించాడు. గీత లేచింది. ఇక మాట్లాడడానికి ఏమీ మిగల్లేదు. సారు కోప్పడలేదు, అదే కష్టంగా ఉంది. "కలీముల్లా, ఇగ మీదట ఈ గదిల మీరు, మిషన్లు, అంతే. దేవుడు బయటనే" అన్నాడు.

ఊర్మిళ నెలన్నర అతనితో మాట్లాడలేదు. ఎదురైతే మొబైలు పెట్టెలో వేసి తల వంచుకుని పోయేది. ఆ గ్రహం గరగరమన్నా ఇంతకన్నా గట్టిగా మాత్రం అనడంలేదు అని, అంతవరకే, తన థీసిస్ రాసుకుంది. అదీ చదువే, పట్టా వస్తుంది. పండగ మాత్రం లేదు. పుణె వైపు పెద్ద రేడియో దుర్భిణి దగ్గర ఉద్యోగం చూసుకుంది.

నవంబరులో చివరిరోజు ఉదయం రిసీవర్ గదికి వచ్చింది. చేతిలో అదే పొడుగాటి కాగితం, ఇప్పుడు తొమ్మిదో ఎర్ర రోజుదాకా అతికించి ఉంది.

"ఇది చింపబుద్ధి కాలే చాచా. మీ దగ్గర ఉంచుకోండ్రి."

"నా మీద కోపం పోయిందా బేటా?"

"పోలే" అంది. వంగి అతని సంచీ సర్ది, టిఫిను డబ్బా లోపల ఉందో లేదో చూసి, "పోతది" అని వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నం కలీముల్లా ఇంటికొచ్చి, కాగితాన్ని వంటగది తలుపుకి, షాహీదా అంటించిన పసుపుపచ్చ కాగితం పక్కన అంటించాడు. అటక మీది నుంచి బొగ్గుల ధూపదాని, ఆమె పాతది, దించి రాజేశాడు. ఒక్క మనిషున్న ఇంటికే వేశాడు. పొగలో నిలబడి కాగితం చూశాడు. తొమ్మిది ఎర్ర గుర్తులు. ఏడు చోట్ల గీత లేచింది. నాలుగేళ్ళు ఆకాశం మొత్తం వెతికితే ఆ పిల్లకి దొరికింది ఆ గల్లీలో ఎవరికీ పట్టని ఒక ముసలి అటెండరు.

అతని వేలు నాలుగో గుర్తు దగ్గర ఆగింది. అక్కడ గీత తిన్నగా ఉంది. ఆ రోజు తను ఈ ఇంట్లోనే ఒళ్ళు కాలిపోతూ పడి ఉన్నాడు. నీళ్ళిచ్చేవాళ్ళు లేరు, రాలేదేమని అడిగినవాళ్ళు లేరు. ఇన్నాళ్ళూ అలాగే అనుకున్నాడు. కాని ఆ రోజు పొద్దుగూకేదాకా బొల్లారంలో ఒక పిల్ల ఈ గీతని చూస్తూ, రాలేదు, రాలేదు అని ఏడుస్తూ కూచుంది. ఆమెకే తెలియదు ఎవరి కోసమో.

షాహీదా పోయాక అతను రాలేదని ఒకరు ఏడ్చిన రోజు అదొక్కటే. కలీముల్లా ఆ తేదీ పైన అరచెయ్యి ఆనించి, పొగ అణిగేదాకా అలాగే నిలబడ్డాడు.